తడి కంచం

జూన్ 4, మంగళవారం

ఈరోజు పనులు: రెండు పూటలా వంట, ఒక బకెట్టు బట్టలు, వంటింటి పైఅర శుభ్రం, గ్యాసు బుకింగు, పాలవాడితో తగాదా, సగం ఇస్త్రీ. మిగిలినవి: తక్కిన సగం ఇస్త్రీ, నీతో తగాదా.

చెల్లీ,

ఇస్త్రీ రేపటికి ఆగుతుంది. రెండోది ఆగేలా లేదు.

నా కథ తిరిగి వచ్చింది. నేను నీలం సిరాతో ఎనిమిది పేజీలు రాస్తే నువ్వు ఎర్ర సిరాతో పది పేజీలకు సరిపడా రాశావు. పాడుబడ్డ బంగళా పక్కన "ఎందుకు?" అట. గుడ్లగూబ పక్కన "మళ్లీనా?" అట. అర్ధరాత్రి పక్కన "పగలు దెయ్యానికి సెలవా?" అట. చివర అట్టడుగున "మంచి ప్రయత్నం" అని ఓ ముక్క పారేశావు. మంచి ప్రయత్నం అని నేను మా వాడితో అంటూ ఉంటాను, లెక్కల్లో తప్పినప్పుడు.

నేను నిన్ను అడిగింది ఒకే ఒక్క మాట. చదువుతుంటే నీకు భయం వేసిందా, వేస్తే ఎక్కడ వేసింది అని. ఇంత సిరా ఒలకబోశావు గానీ ఆ ఒక్కదానికీ జవాబు లేదు.

మీ మాసపత్రికలో ఆఖరి దెయ్యాల పేజీలు నువ్వు దిద్దడం మొదలుపెట్టక ముందునుంచీ నేను చదువుతున్నాను. బట్టలు మడత పెట్టేలోపు ఒక కథ అయిపోయేది. ఏ కథలో ఎక్కడ పట్టు జారిందో నాకు తెలిసేది. ఇదయితే నేనూ రాయగలను అనిపించింది. ఆగస్టు ప్రత్యేక సంచికలో కొత్తవాళ్ల కథ ఒకటి వేస్తామని ప్రకటించారు కదా, ఆ చోటు నాకు కావాలి. అక్కనని వెయ్యమనడం లేదు. పేరు లేకుండా మీ ఎడిటరుగారికి చూపించు. బాగాలేకపోతే చెత్తబుట్టలో వెయ్యి. కానీ నేర్పడానికి ఒప్పుకున్నాక నేర్పు.

ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. కాగితం మీదైతే చివరిదాకా వినక తప్పదు.

నీ అక్క
(చల్లబడలేదు)


జూన్ 10

అక్కా, మేనేజరమ్మా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. భయం వెయ్యలేదు. నవ్వొచ్చింది.

ఏడో పేజీలో నీ హీరోయిన్ జుట్టు విరబోసుకున్న ఆ ఆకారాన్ని చూస్తుంది. కెవ్వున కేక వేస్తుంది. తర్వాత స్టవ్ కట్టేస్తుంది. పాల మీద మూత పెడుతుంది. అప్పుడు పరిగెత్తుతుంది. ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. బొమ్మలు వేసే ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఈవిడెవరో గానీ దెయ్యం చేత కూడా గిన్నెలు కడిగిస్తుంది అన్నాడు.

కోప్పడకు. ఎనిమిది పేజీల్లోనూ నిజమైన వాక్యం అదొక్కటే. బంగళా నువ్వు ఎక్కడో చదివింది. గుడ్లగూబ అందరూ చదివింది. స్టవ్ కట్టేసి పరిగెత్తే మనిషి మాత్రం నీది. ఆవిడ గురించి రాయి.

నాకు తెలిసింది నాలుగు ముక్కలు చెప్తాను, పెద్ద చదువేమీ కాదు. ముందు ఆ ఇంటిని చదివేవాళ్ల చేత నమ్మించు. ఏ డబ్బా ఏ అరలో ఉందో వాళ్లకు కంఠతా వచ్చేయాలి. ఆ తర్వాత ఒకే ఒక్క వస్తువును కదుపు. అదీ పట్టపగలు. కంటికి కనపడే ముందు ముక్కుకు తెలియాలి. అదేమిటో, ఎందుకొచ్చిందో చచ్చినా చెప్పకు. నువ్వు విడమరిచి చెప్పిన క్షణాన అది దెయ్యం కాదు, ప్లంబరు వచ్చి బాగుచేసే విషయం.

అన్నిటికంటే ముఖ్యం, నీ ఇంటినే రాయి. నీకు తెలియని ఇంట్లో నువ్వు ఎవరినీ భయపెట్టలేవు.

నీ పొట్టి


జూన్ 24, సోమవారం

ఈరోజు పనులు: వంట, బట్టలు, దుప్పట్లు రెండు అదనం, కరెంటు బిల్లు, అటక మీద డబ్బాలు దించి మళ్లీ ఎక్కించడం. మిగిలినవి: లేవు. నిన్ను తిట్టడం పనుల్లో కలపలేదు, అది పొద్దుటినుంచీ నడుస్తూనే ఉంది.

పొట్టీ,

ఆఫీసులో అందరికీ చదివి వినిపించావా? నేనేమైనా జోకులు రాసి పంపానా? ఆ బొమ్మలాయనకు చెప్పు, దెయ్యం కడిగిన గిన్నె నేను మళ్లీ కడుక్కోవాల్సి వస్తుందని, మా ఇంట్లో ఎవరు కడిగినా అంతేనని.

అయినా ఆ రోషంతోనే రాశాను. ఇస్త్రీ బల్ల మీద, మడత పెట్టిన బట్టల కింద కాగితాలు పెట్టుకుని రాశాను. ఎవరైనా వస్తే పైన ఒక చొక్కా పరిచేదాన్ని. మా వాడు కాలేజీ నుంచి వచ్చి, అమ్మా ఆ చొక్కా ఇంకా ఇస్త్రీ అవుతూనే ఉందా అన్నాడు ఒకసారి. అంతకంటే ఎవరూ పట్టించుకోలేదు.

మీ బావకు తెలియదు. ఆయన ఈ నెలంతా షాపు నుంచి చీకటి పడ్డాకే వస్తున్నారు. మధ్యాహ్నం భోజనానికి రావడం మానేశారు. వచ్చినా మాట ఉండదు, పత్రిక అడ్డం పెట్టుకుంటారు. నాకూ ఈ మధ్య ఆకలి తగ్గింది, స్టవ్ దగ్గర నిలబడే రెండు ముద్దలు తినేస్తున్నాను. అదీ మంచికే, కథకు సమయం దొరికింది.

కథ జత చేశాను. పేరు 'తడి కంచం'. నువ్వు చెప్పినట్టే మా ఇంటిని ఉన్నదున్నట్టు రాశాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటేదో నేను చెప్పను, చచ్చినా చెప్పొద్దన్నావుగా.

ఈసారి ఎర్ర సిరా వద్దు. ఒక్క మాట రాసి పంపు. భయం ఎక్కడ వేసింది? వెయ్యకపోతే వెయ్యలేదని రాయి. నవ్వొచ్చింది అన్నది జవాబు కాదు, ఆ మాట నువ్వు నాకు జూన్ మొదటినుంచీ బాకీ.

నీ అక్క


జూన్ 29

అక్కా,

కథ సంగతి పక్కన పెట్టు. ఎవరావిడ?

నాకు అబద్ధం చెప్పకు. మొదటిసారి కథలాగే చదివాను. ఇంట్లో ముగ్గురు, భర్తా భార్యా కొడుకూ. ఆవిడ మూడు కంచాలు కడిగి బోర్లించి నిద్రపోతుంది. పొద్దున లేచి చూస్తే నాలుగు. నాలుగోది తడిగా ఉంటుంది. దాన్ని అటక మీద దాచేస్తే మర్నాడు మళ్లీ స్టాండులో, మళ్లీ తడిగా. భర్త ఏమీ అనడు, కొడుకు ఏమీ అనడు. చివరికి ఒకరోజు మూడే ఉంటాయి. అమ్మయ్య అనుకునేలోపు చూస్తుంది, ఆ తడి కంచం ఉంది, అంచు సొట్టపోయిన తన కంచం లేదు.

తర్వాత నీ ఉత్తరం పక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. అంచు సొట్టపోయిన కంచం నీది, నాకు తెలుసు. కథలో ఆయన ఆలస్యంగా వస్తాడు, బావా వస్తున్నారు. ఆయన మాట్లాడడు, బావా మాట్లాడటం లేదు. కథలో ఆవిడ నిలబడి తింటుంది, నువ్వూ అంతే. నువ్వు మొన్న అటక ఎందుకు సర్దావు? అన్నిటికీ మించి, ఆ తడి కంచానికి మనం ఎప్పుడూ వాడని సబ్బు వాసన అని రాశావు. అక్కా, నేను పన్నెండేళ్లుగా కథలు దిద్దుతున్నాను. వేరే సబ్బు వాసన ఎవరూ కల్పించి రాయరు. అది ముక్కుతో పీల్చినవాళ్లే రాస్తారు. ఉన్నదున్నట్టు రాశాను ఒక్కటి తప్ప అన్నావు. ఆ ఒక్కటి దెయ్యమేగా? దెయ్యం కాదు కాబట్టి మనిషి.

ఈ కథ సంచికలో వెయ్యడం లేదు. వేస్తే రేపు నీకే నలుగురిలో తలవంపులు. పక్కకు తీసేశాను.

అన్నయ్యకు చెప్పాను. ఆదివారం వస్తాడు. గొడవ పడకు, ఏడవకు, వాడిని మాట్లాడనివ్వు.

నీ పొట్టి


జూలై 4, గురువారం

ఈరోజు పనులు: రాయను. నీకు లెక్క చెప్పాల్సిన అవసరం నాకు లేదు.

నువ్వు ఏం చేశావో తెలుసుకో. ఆదివారం పొద్దున, మా వాడు క్రికెట్టుకు పోయాక, అన్నయ్యా వదినా చెప్పాపెట్టకుండా దిగారు. చేతిలో సంచి లేదు, ముఖాల్లో నవ్వు లేదు. ఎవరో పోయారనుకున్నాను. మీ బావ బనియనుతో, ముందు గదిలో పొరుగువాళ్ల టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నారు.

"బావా, సూటిగా అడుగుతాను. సూటిగా చెప్పు. ఎన్నాళ్లనుంచి?" అన్నాడు అన్నయ్య.

"ఇదా? నిన్నే తెచ్చారు. కాయిలు కాలిపోయింది," అన్నారు ఆయన.

"ఫ్యాను కాదు బావా. ఆవిడ."

"ఏ ఆవిడ?"

వదిన అందుకుంది. "మీరాగండి, నేనడుగుతాను. అన్నయ్యగారూ, పరాయి మనిషి ఇంట్లోకొచ్చి, తిని, కంచం కూడా కడిగిపెట్టి పోతోందట కదా. ఎంత చొరవండీ."

"సబ్బు కూడా తనే తెచ్చుకుంటోందట," అన్నాడు అన్నయ్య.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి నా వైపు చూశారు. "మనింట్లో ఎవరు తింటున్నారు?" అని అడిగారు. నన్నే అడిగారు చెల్లీ, పిల్లి దూరిందా అన్నట్టు.

వంటింట్లోకి పోయి టీ పెట్టాను. అన్నయ్యకు చక్కెర లేకుండా, వదినకు ఎక్కువేసి, ఆయనకు మామూలుగా. మూడు కప్పులు తెచ్చి వాళ్ల ముందు పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆ టీ తాగుతూ ముగ్గురూ నా గురించి మాట్లాడుకున్నారు. పిల్ల చిక్కిపోయిందన్నాడు అన్నయ్య. ఈ వయసులో ఆడవాళ్లకు లేనివి కనిపిస్తాయి, మా పెదనాన్న కూతురికీ ఇలాగే అయింది అంది వదిన. రక్తపరీక్ష చేయిద్దామా అన్నారు మీ బావ. ఒక నెల మా ఇంటికి తీసుకెళ్తాం అన్నాడు అన్నయ్య. మరి మా వంట అన్నారు మీ బావ. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నువ్వేమంటావు అని ఒక్కరు అడగలేదు.

ఇక ఓపిక పట్టలేక ఇస్త్రీ బట్టల కింద నుంచి నా చిత్తుప్రతి తెచ్చి ఫ్యాను రెక్కల మీద పడేశాను. "కథ. నేను రాసింది. కల్పించి రాసింది," అన్నాను.

మీ బావ ప్రతి వరుస కిందా వేలు పెట్టుకుంటూ మొత్తం చదివారు. చదివి, "ఇంతకీ ఆ కంచం ఎవరిది?" అన్నారు.

"జరగనిది రాయడమెందుకు?" అని వదిన. "అందుకే చెప్తున్నాను, ఇంతటితో ఈ దెయ్యాలు చాలు," అని అన్నయ్య. ముగ్గురూ తలలూపుకుని తీర్మానం చేసేసుకున్నారు. అన్నయ్య గొంతు నీకు తెలుసుగా, ఎదురింటి సైకిల్ షాపువాడు ఆ పూటంతా పంపు కొట్టడం మానేసి విన్నాడు.

మీ బావ ఎందుకు ఆలస్యంగా వస్తున్నారంటే, ఎండలకు ఊరంతా మోటార్లు కాలి షాపుకొచ్చాయి, అక్కడి పనివాడు మానేశాడు. అటక ఎందుకు సర్దానంటే బొద్దింకలు. సబ్బు వాసన ఎక్కడినుంచి వచ్చిందంటే, నీ దగ్గరినుంచే. కంటికంటే ముందు ముక్కుకు తెలియాలన్నది నువ్వు కాదూ? రెండు రోజులు ఆలోచించి పెట్టాను దాన్ని. ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు ఒక్కో వాసన రాసి కొట్టేశాను. నా జీవితంలో మొదటిసారి ఒక వస్తువును ఏమీ లేని చోటినుంచి తయారుచేశాను. నువ్వేమో అది దొంగసొత్తయినట్టు ఎక్కడినుంచి తెచ్చావని అడిగావు.

నమ్మించమని నేర్పింది నువ్వు. నమ్మి ఊరంతా చాటిందీ నువ్వే. నా జవాబు కోసం ఒక్క పోస్టు ఆగలేకపోయావు.

కథను ఎడిటరుగారికి చూపించు. పనికిరాదంటే ఆయన్ని అననీ, పడతాను. నన్ను కాపాడటానికి మాత్రం దాన్ని తీసేయకు. తీసేస్తే ఇక నాకు ఉత్తరం రాయకు.

బాకీ అలాగే ఉంది. ఒక్క మాట అడిగాను. చిట్టా అంతా విప్పావు గానీ ఆ మాట లేదు.

అక్క


జూలై 12

అక్కా,

నాకూ కోపం వచ్చింది, దాచను. నమ్మేలా రాయమన్నాను. నమ్మాను. అది నా తప్పయితే ఇక ఏ పత్రికా ఎవరి చేతా కథలు రాయించకూడదు. పన్నెండేళ్లలో నా బల్ల మీదికి వచ్చిన కాగితాల్లో నన్ను మీ ఊరికి రైలెక్కించినంత పని చేసింది నీదొక్కటే. ఈ మాట నీకు పొగడ్తలా వినపడితే నేనేం చెయ్యను.

అన్నయ్యకు చెప్పడం మాత్రం తప్పే. వాడికి ఫోను చేసి, అది కల్పన, బాగా రాసిన కల్పన, బావకు క్షమాపణ చెప్పు అన్నాను. "కల్పనకు సబ్బు ఎందుకు?" అన్నాడు. వాడితో నావల్ల కాదు. బావకు నేనే విడిగా రాశాను.

నీ కథ ఎడిటరుగారికి ఇచ్చాను, పేరు లేకుండా. బాగుంది, చివర పాడుచేశారు అన్నారు. నిజమే. తన కంచం లేదని తెలిసి ఆవిడ కేక వేస్తుంది, ఇరుగుపొరుగు పరిగెత్తుకొస్తారు. ఆ కేక నీ పాత బంగళాలోది. ఆవిడ కేకలు వేసే మనిషి కాదు. ఇరవై ఐదో తేదీలోపు చివరి పేజీ మార్చి పంపితే వేస్తామన్నారు.

ఇక నీ ఒక్క మాట.

కథ చదువుతుంటే భయం వెయ్యలేదు. నీ గురించి కంగారు వేసింది, అది వేరు. భయం వేసింది మొన్న, నీ నాలుగో తేదీ ఉత్తరంలో. ఆఫీసు మెట్లు దిగుతూ చదువుతున్నాను. ఆ ఇంట్లో ఆ పొద్దున నలుగురు ఉన్నారు. నువ్వు ఒక్కొక్కరికీ చక్కెర ఎంతో గుర్తు పెట్టుకుని మూడు కప్పులు పెట్టావు. ఆ సంగతి రాసి, ఆగకుండా తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయావు. ఆ ఉత్తరమంతా నీకు ప్రతిదాని మీదా కోపం ఉంది, దాని మీద తప్ప.

మెట్ల మీదే కూర్చుండిపోయాను. జనం పక్కనుంచి దిగి వెళ్లారు.

నేను ఎవరావిడ అని అడిగాను. ఆ ఇంట్లో ఇంకెవరో ఉన్నారని వెతికాను. ఇప్పుడేమడగాలో నాకు తెలియడం లేదు, అందుకే అడగడం లేదు.

నీ పొట్టి


జూలై 20, శనివారం

ఈరోజు పనులు: వంట ఒక పూట. రెండో పూటకు పొద్దుటిదే వేడి చేసుకోమన్నాను. బట్టలు నానబెట్టలేదు. చివరి పేజీ అయిదుసార్లు రాశాను. మిగిలినవి: చాలానే ఉన్నాయి, ఉండనీ.

పొట్టీ,

నీ ఉత్తరం చదివి ముందు మండిపడ్డాను. నేను ఆ టీ తాగకపోతే ఏమైంది, వంటింట్లో గిన్నెలో అడుగున మిగిలి ఉంటుంది, తాగే ఉంటాను అనుకున్నాను. తర్వాత గుర్తు చేసుకున్నాను. గిన్నెలో ఏమీ మిగల్లేదు. నేను కొలిచి పోస్తాను. నీళ్లు కొలిచేటప్పుడే మూడని కొలిచాను.

ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తానని నాకు గర్వం. ఈ లెక్క ఎప్పుడు తప్పిందో నాకు తెలియలేదు.

దాని మీద కోపం రావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చింది, బాగానే వచ్చింది. మీ బావ మీద కొంత, అన్నయ్య మీద కొంత. ఎక్కువ భాగం ఆ నీళ్లు కొలిచిన చేతి మీద.

కేక తీసేశాను. ఇప్పుడు చివర ఇలా ఉంది:

"ఆమె భర్తకు వడ్డించింది, కొడుక్కి వడ్డించింది. తడి కంచంలోనూ వడ్డించింది. ఎవరూ తల ఎత్తలేదు. భోజనాలయ్యాక సింకు దగ్గర నిలబడి, ఈరోజునుంచి తన కంచం తోమే పని తప్పింది అనుకుంది. ప్రాణానికి హాయిగా అనిపించింది."

అంతే. పొరుగువాళ్లు ఎవరూ రారు. రాసి పైకి చదువుకుంటే నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నీకూ అలా అవ్వాలి. కాకపోతే ఎర్ర సిరా తియ్యి, ఈసారి ఏమీ అనను.

ఇంకొకటి చెప్పాలి. నిన్న సాయంత్రం మీ బావ త్వరగా వచ్చారు. నువ్వు ఆయనకు రాసిన ఉత్తరం అందినట్టుంది, జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు గానీ ఒక్క మాట ఎత్తలేదు. టీ పెట్టాను. ఈసారి రెండు కప్పులని కొలిచి మరీ పెట్టాను. రెండూ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన పత్రిక కాస్త దించి, రెండో కప్పు చూశారు. గుమ్మం వైపు చూశారు.

"ఎవరైనా వచ్చారా?" అన్నారు.

"ఊఁ," అన్నాను. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని ఆ కప్పు తీసుకున్నాను.

ఆయన పత్రిక మళ్లీ ఎత్తలేదు. టీ చల్లారేదాకా అలాగే కూర్చున్నారు. కథలో ఆ కంచం ఎవరిదని ఇక అడగరనుకుంటాను.

చివరి పేజీ జత చేశాను. పేరు వెయ్యమను, నా పూర్తి పేరే. అన్నయ్యకు ఒక ప్రతి పంపు.

భయం ఎక్కడ వేసిందని జూన్ నాలుగున అడిగాను. మెట్ల మీద కూర్చుండిపోయానని రాశావు. ముట్టింది. నీ బాకీ చెల్లు.

అక్క